టిక్కు పడని ఫిబ్రవరి

కాంపౌండరు బాబాయి పోయాడని నాకు కళ్లంలో ఉండగా తెలిసింది. ఎండబోసిన మిరపకాయలు తిరగేస్తున్నాను. పక్క కళ్లం ఆవిడ గట్టు మీద నిలబడి, "ఏమే, ఆ కుక్కల కాంపౌండరు పోయాడంట. పొద్దున లేపితే లేవలేదంట" అని చెప్పి, ఆ నోటితోనే మీ కూలోళ్లు రేపొస్తున్నారా అని అడిగింది. నేను ముక్కుకి కట్టుకున్న గుడ్డ కూడా విప్పకుండా కాయల పక్కనే కూలబడ్డాను. ఘాటుకి కళ్లు మండుతున్నాయనుకుందేమో, ఆవిడ వెళ్లిపోయింది.

ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే నేను చేసిన పాపమే ముందుకొస్తోంది. రానివ్వండి, ఇన్నాళ్లూ దాచింది చాలు.

ఆయన మాకు చుట్టం కాదు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరై మా వీధి చివర ఇల్లు కట్టుకున్నాడు. ఊరంతా బాబాయ్ అంటే నేనూ అన్నాను. "గేదెకి జ్వరమొస్తే పాలు పోతాయని పరిగెత్తుకొస్తారు. కుక్కకీ పిల్లికీ ఎవరున్నారమ్మా" అని వాటి పని నెత్తినేసుకున్నాడు. మండలం పశువుల డాక్టరుని అడిగి టీకాలు తెచ్చి, సైకిలు మీద ఇంటింటికీ తిరిగేవాడు.

గేటు దగ్గర నిలబడి ముందు కుక్కని పేరు పెట్టి పిలిచేవాడు, మనుషుల్ని ఆ తర్వాత. మా లడ్డు పై పెదవి ఎత్తి, చిగురు మీద బొటనవేలితో నొక్కి, తెల్లబడినచోట మళ్లీ ఎరుపెక్కేదాకా చూసేవాడు. చెవి వాసన చూసేవాడు. "అదేమన్నా మామిడిపండా బాబాయ్, వాసన చూడ్డానికి" అని నేనంటే, "నీ చెవికన్నా శుభ్రంగానే ఉందిలే" అనేవాడు. కాలి వేళ్ల సందుల్లో దాక్కుని రక్తం తాగే గోమార్లని ఏరి కిరసనాయిల్లో వేసేవాడు. నులిపురుగుల మాత్ర ఇడ్లీ ముక్కలో పెట్టి మింగించేవాడు. ఇదంతా జబ్బేమీ లేని కుక్కకి. "రోగమొచ్చాక అందరూ ఫోన్ చేస్తారు తల్లీ. రాకముందే వచ్చేవాడిని చూసి కాఫీ కోసం వచ్చాడనుకుంటారు" అని నవ్వేవాడు. నిజానికి నేనూ అలాగే అనుకున్న రోజులున్నాయి.

టీకా సీసాలు ఐసు నింపిన ఫ్లాస్కులో ఉండేవి. ఓ ఎండాకాలం మా అత్తయ్య, "ఆ ఐసు కాస్త నా మజ్జిగలో వెయ్యి నాయనా" అంది. ఆయన ఫ్లాస్కుని రెండు చేతులా గుండెకి అదుముకున్నాడు. "ఇది వేడెక్కితే టీకా కాదు అక్కయ్యా, ఉత్త నీళ్లు" అన్నాడు.

ఆయన కార్డులివ్వలేదు. కార్డులు మేం పోగొడతామని ఆయనకి తెలుసు. మార్టూరులో రాయి పాలిష్ పట్టేచోట పలకల మీద గుర్తులు పెట్టే మైనపు పెన్సిలొకటి సంపాదించాడు. దాంతో మా ద్వారబంధం మీద, గడపకి జానెడు పైన, వచ్చే టీకా నెల రాసేవాడు. సూది వేశాక పక్కన టిక్కు పెట్టి, మళ్లీ ఏడాది నెల దాని కింద రాసేవాడు. నీళ్లకి పోదది. "శుక్రవారం పసుపు రాసేటప్పుడు ఆ కాస్త జాగా వదిలెయ్యమ్మా" అని ప్రతి ఇల్లాలికీ చెప్పుకున్నాడు. మా వీధిలో కుక్క ఉన్న ఏ ఇంటి గడప చూసినా అక్కడ పసుపు ఉండేది కాదు.

పోయినేడాది మా ఇంటి నెల ఫిబ్రవరి. మా ఊళ్లో ఫిబ్రవరి అంటే మిరపకోతలు. పంటినొప్పయినా, కారే కప్పయినా, పెళ్లిచూపులైనా కోతలయ్యాకే. లడ్డు పగలంతా కళ్లం దగ్గర ఉండేది. నేను పట్టుకుంటే తప్ప సూదికి ఆగదు. బాబాయి రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లాడు. మూడోసారి ఆ మోకాళ్ల నొప్పులతో కళ్లానికే వచ్చాడు. ఆ రోజు మబ్బు పట్టింది, నా ప్రాణమంతా కాయల మీద ఉంది. "వానొచ్చి కాయ తడిస్తే నువ్వొచ్చి ఆరబెడతావా? కోతలయ్యాక రా బాబాయ్" అని కసిరాను.

"జబ్బు కోతలయ్యేదాకా ఆగదమ్మాయ్" అన్నాడు. ఫ్లాస్కు సర్దుకుని వెళ్లిపోయాడు.

పొలాల్లో లడ్డుని ఏ పిచ్చికుక్క కరిచిందో, ఎప్పుడు కరిచిందో మేం చూడలేదు. ఏప్రిల్లో అది నీళ్లు మానేసింది. చొంగ కారుస్తూ ట్రాక్టరు ట్రక్కు కింద దూరింది. నేను గిన్నెతో నీళ్లు దగ్గర పెడితే కుడిచేయి పట్టి కరిచింది. అత్తయ్య లోపలికి పరిగెత్తి గుప్పెడు కారం తెచ్చి గాయంలో అద్దింది. మా వైపు కుక్క కరిస్తే చేసే వైద్యం అదే, మండితే విషం చచ్చినట్టు లెక్క. కారం పండించేవాళ్లం, కారాన్ని నమ్మకపోతే ఎలా అన్నట్టు నేనూ పళ్లబిగువున ఓర్చుకున్నాను.

కేకలు విని బాబాయి వచ్చాడు. కారం ఎవరు పెట్టారని అడగలేదు, నన్ను కుళాయి దగ్గర కూర్చోబెట్టి సబ్బుతో కడగడం మొదలుపెట్టాడు. "మంట తగ్గింది బాబాయ్, చాలు" అంటే, "మంట కాదు తల్లీ, గడియారం చెప్పాలి" అని పావుగంట కడిగాడు. అప్పటికప్పుడు ఆటోలో గుంటూరు తీసుకెళ్లి గాయం చుట్టూ మందు వేయించాడు. తర్వాత సూదుల తేదీలు నేను మర్చిపోయినా ఆయన మర్చిపోలేదు, ప్రతిసారీ వెంటవచ్చాడు. లడ్డు నన్ను కరిచిన మర్నాడే చచ్చిపోయింది. గొయ్యి తీసి, సున్నం చల్లి, ఆయనే పూడ్చాడు.

ఆ సాయంత్రం వీధివాళ్లంతా మా వాకిట్లో చేరారు. పిల్లలు ఆడుకునే కుక్క. "టీకా వేయించలేదా ఏంటి?" అని ఒకావిడ గట్టిగా అడిగింది. అందరూ నా మొహంలోకి చూస్తున్నారు. "వేయించకేం, బాబాయే వేశాడుగా" అన్నాను. నా నోరు పడిపోయినా బాగుండేది.

మర్నాడు చెబుదామనుకున్నాను, ఆ మర్నాడు అనుకున్నాను. ఈలోపు ముసలాయన సూదుల్లో నీళ్లున్నాయని ఊరంతా పాకింది. ఆయన సైకిలు ఆగితే, "మేం గుంటూరులో వేయించుకుంటాంలే బాబాయ్" అని గేటు దగ్గరే పంపేశారు. ఎవరూ గుంటూరు వెళ్లలేదు.

ఆ శుక్రవారమే నేను గడపకి పసుపు రాస్తూ ఆ కాస్త జాగా కూడా మందంగా పూసేశాను.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు బాబాయి వచ్చాడు. పిలవడానికి లడ్డు లేదు కాబట్టి ఎవర్నీ పిలవలేదు. ద్వారబంధం పట్టుకుని, ముక్కుతూ గొంతుక్కూర్చుని కిందకి చూశాడు. అంతా పసుపే. వేలితో ముట్టుకోబోయి ఆగిపోయాడు, ఇంటి ఇల్లాలు రాసిన పసుపు కదా. "మంచినీళ్లు తాగుతావా బాబాయ్" అన్నాను. "వద్దు తల్లీ" అని గోడ ఆసరాతో లేచి వెళ్లాడు. అబద్ధమాడానని నన్ను నిలదీయడానికి వచ్చాడని అప్పుడు అనుకున్నాను.

శవం దగ్గర పిన్ని, అంటే ఆయన భార్య, నా చేయి తన చేతిలోకి తీసుకుని మచ్చ చూసింది. "బాగా మానింది" అంది. తర్వాత మెల్లగా, "ఒక్క మాట చెప్పమ్మా. మీ కుక్కకి ఆయన టీకా వేశాడా, లేదా? ఈ ఏడాదంతా నన్ను అదే అడిగాడు. వేయలేదనే అనుకుంటున్నా, కానీ అమ్మాయి అబద్ధం చెప్పదు కదా, వేసి మర్చిపోయానేమో, ఆ రోజు ఐసు కరిగిపోయిందేమో, ఆ అమ్మాయి చేయి నా వల్లే అలా అయిందేమో అని. అన్నం ముందు కూర్చుని కూడా అదే" అంది.

ఆయన నా అబద్ధాన్ని నమ్మాడు. తన చేతిని అనుమానించుకున్నాడు గానీ నన్ను అనుమానించలేదు.

"వేయలేదు పిన్నీ. నేనే వేయనివ్వలేదు" అన్నాను, అక్కడున్నవాళ్లందరికీ వినపడేలా.

పిన్ని నా చేయి వదిలేసింది. "ఆ మాట ఆయనకి చెప్పాల్సిందమ్మా" అని తల అటు తిప్పుకుంది.

ఇంటికొచ్చి గడపా, ద్వారబంధం అడుగూ కడిగాను. ఏడాది పసుపు, పొరలు పొరలుగా ఊడింది. మైనపు పెన్సిలు రాత చెక్కుచెదరలేదు. ఒకదాని కింద ఒకటి నాలుగు ఫిబ్రవరులు. మూడింటి పక్కన ఆయన టిక్కులున్నాయి, నాలుగోదాని పక్కన లేదు. అక్కడ ఇంక పసుపు రాయను, ఎవరైనా చూసుకోవచ్చు. కానీ అది కుక్క ఎత్తులో రాసింది. గొంతుక్కూర్చుంటే తప్ప కనపడదు. కోతల రోజులు కదా, గడప దాటి పదిమంది వస్తున్నారు, పోతున్నారు. ఒక్కరూ వంగి చూడటం లేదు.