మౌస్ గిట్టని మదన్ మోహన్ సార్

మదన్ మోహన్ సార్‌కు కంప్యూటర్ మౌస్ గిట్టదు. పిల్లికైనా ఎలుక మీద అంతో ఇంతో ప్రేముంటది, ఆయనకు అది గూడ లేదు. మెదక్ బస్టాండు ముంగట, మందుల దుకాణం పైనున్న అర్రల ఆయన కంప్యూటర్ నడిపే లినక్స్ నేర్పుతుండె. బల్లల మీద కంప్యూటర్లు వరుసగ ఉంటయి, ఒక్కదానికీ మౌస్ ఉండదు. ఏం కావాల్నన్నా కీబోర్డు మీద టైపు కొట్టి అడగాలె.

కొత్తగ చేరిన ఎలిశిబాకు పక్క కుర్చీల లలిత చెవుల చెప్పింది. "మొన్నటిదాక మంచిగనే ఉండె అక్కా. ఏమైందో ఏమో, ఒక్కపారి అన్ని పీకేసిండు."

ఎందుకని అడిగితే మనిషికో కారణం చెప్పేటోడు. సర్ఫరాజ్ అడిగితే, "మౌస్ పట్టినోని ముంజెయ్యి అరుగుతది" అన్నడు. లలిత అడిగితే, "నోరుండంగ ఎవరన్న సైగలు చేస్తరా? టైపు కొట్టుడంటె మాట్లాడుడు, మౌస్ తిప్పుడంటె సైగ" అన్నడు. సెంటర్ ఓనరు నర్సింహ అడిగితే మొఖం సీరియస్‌గ పెట్టి, "వానకాలం గదా, తోకలకు తేమ పడ్తది. షాక్ కొడ్తది" అన్నడు.

"పోయిన వానకాలం కొట్టలే గద సార్?"

"పోయినేడు వాన తక్కువ."

ఎలిశిబాకు మాత్రం ఈ పిచ్చి మస్తు కలిసొచ్చింది. చిన్నప్పుడు చెరుకురసం మిషన్ల పడి ఆమె కుడిచేతి వేళ్లు మూడు పోయినయి. పదో తరగతిల ఒకపారి మౌస్ పట్టబోతే అది జారి కింద పడ్డది, క్లాసంత నవ్వింది. మళ్ల కంప్యూటర్ మొఖం చూడొద్దనుకున్నది. గని ఊరవతల విత్తనాల గోదాముల ఆపరేటర్ కొలువు పడ్డది, లినక్స్ వచ్చినోళ్లకే ఇస్తరన్నరు. నాయిన పట్టుబట్టి తోలుకొచ్చి చేర్పించిండు. కీబోర్డు అయితే ఎడమచెయ్యి, మిగిలిన రెండు వేళ్లు చాలు. 'నా కోసమే ప్రభువు ఈ పిచ్చాయనను పంపిండు' అని ఆదివారం చర్చిల మోకరించి మొక్కుకున్నది.

సార్ పాఠం గూడ ఆయన లెక్కనే ఉండేది.

"పీడబ్ల్యూడీ అని కొట్టుండ్రి."

"రోడ్లేసే ఆఫీసు గదా సార్?" అన్నడు సర్ఫరాజ్.

"వాళ్లు రోడ్డేస్తరో లేదో గని, ఇది మాత్రం నువ్వు యాడున్నవో చెప్తది. ఇప్పుడు మెదక్‌ల ఉన్నవనుకో. సీడీ కొట్టి రేగోడ్ అంటె రేగోడ్‌కు పోతవు. సీడీ కొట్టి రెండు చుక్కలు పెడితే వాపస్ మెదక్‌ల దిగుతవు. టికెట్ లేదు, కండక్టర్ లేడు."

సార్ బస్సుల ఎలిశిబా తెల్లారి నుంచి మాపటిదాక తిరిగేది. ఫోల్డర్లు చేసింది, ఫైళ్లు జరిపింది, తుడిపేసింది. టైపు కొట్టిన మాటకు మిషన్ తిరిగి బదులిస్తుంటె ఆమెకు నవ్వొచ్చేది.

నర్సింహకు మాత్రం నవ్వు రాలే. మౌస్ లేదని కొందరు పిల్లలు పక్క సెంటర్‌కు పోయిండ్రు. "వచ్చే నెలకు మౌసులన్న రావాలె, లేకుంటె మీరన్న రావొద్దు" అని సార్ మొఖం మీదనే అన్నడు. సార్ తలూపిండు, మౌసులు మాత్రం తేలే.

అంతల తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు బందు, బళ్లు బందు, సెంటర్ షట్టర్ గూడ దిగింది. ఏ ఫైలు ఎవరు తెరవొచ్చో చెప్పే పర్మిషన్ల పాఠం సగంల ఆగింది. సమ్మె అయిపోంగనే గోదాము పరీక్ష. పరేషాన్ అయిన ఎలిశిబా, లలితను తోడు తీసుకొని సార్ ఇంటికి నడిచింది.

సార్ భార్య సుమన తలుపు తీసింది. "రాండ్రి బిడ్డా. లోపట ఏదో పెద్ద పనిల ఉన్నడు."

లోపట సార్ ఉత్త బనీనుతోని కూసొని కంప్యూటర్ల పేకాట ఆడుతుండు. చేతుల మౌస్.

లలిత మౌస్ దిక్కు వేలు చూపింది.

"దీని తప్పులు పట్టుకుంటున్న" అన్నడు సార్.

చాయ్ తెస్తున్న సుమనకు నవ్వాగలే. "ఏం తప్పులు? మౌసులన్ని సంచిల కట్టి ఇంటికి తెచ్చిండు, బియ్యం డబ్బా పక్కన పెట్టిండు. సెంటర్ల కొత్తగ ఒక పిల్ల చేరిందట, పేరు రాయించుకునేటప్పుడు కుడిచెయ్యి బాగలేదని చూసిండట. ఎడమచేత్తో పట్టుడు నేర్పరాదా అన్న. 'అందరు కుడిచేత్తో తిప్పుతుంటె ఆమె ఒక్కతే ఎడమచేత్తో తిప్పలు పడితే తొలినాడే లేచి ఎల్లిపోతది. ఎవ్వరికీ లేకుంటె సరిపాయె' అన్నడు. కొలువు పోతదన్నా వినలే."

లలిత ఎలిశిబా చెయ్యి దిక్కు చూసింది. ఆ చూపు వెంబడి సుమన గూడ చూసింది. చాయ్ పళ్లెం ఆడనే ఆగింది. సార్ తెర మీది రాజును అట్లనే చూసుకుంట కూసున్నడు, ఆ రాజొచ్చి కాపాడుతడేమో అన్నట్టు.

ఎలిశిబా మొఖం వేడెక్కింది. ఇంతమంది తన కోసం ఇన్ని దినాలు మౌస్ లేక తిప్పలు పడ్డరా అని సిగ్గయింది. అంతల, తోకలు వేలాడే మౌసుల సంచి సైకిల్‌కు తగిలించుకొని సార్ బజార్ల పోతున్నట్టు కండ్లల మెదిలింది. నవ్వు పొంగుకొచ్చింది.

"సార్" అన్నది, "గా ఎర్ర ఏడును నల్ల ఎనిమిది మీద వెయ్యుండ్రి. లేకుంటె ఓడిపోతరు."

సార్ వేసిండు. ఆట గెలిచిండు. అటెన్క పర్మిషన్ల పాఠం మొత్తం చెప్పిండు, బనీను మీదనే.

సమ్మె అయిపొయి సెంటర్ తెరిచిననాడు సంచి ఎలిశిబానే మోసుకొచ్చింది. అందరి బల్లల మీద తలా ఒకటి పెట్టి, తనది ఎడమదిక్కు పెట్టుకున్నది. నర్సింహ సార్‌కు చాయ్ తెప్పించిండు. గోదాము కొలువు గూడ తర్వాత ఆమెకే వచ్చింది గని, ఆ దినం అయితే ఎలిశిబాకు అదేం యాదిల లేదు. ఎడమచేత్తో బాణం గుర్తును మూల నుంచి మూలకు నడిపించుకుంట కూసున్నది.

కొద్దిసేపటికి ఎనుక నుంచి సర్ఫరాజ్ పిలిచిండు. "అక్కా, నీది మంచిగ నడుస్తుంది. నాదేమైందో, ఎంత తిప్పినా కదుల్తలేదు."

ఎలిశిబా లేచి పొయి బల్ల కిందికి వంగి చూసింది.

"వైరు పెట్టలే తమ్ముడూ."