మేతలో గుప్పెడు పొడి

ప్రపంచ కప్ వస్తోందని దోహా అంతా తవ్విపోస్తున్న రోజులవి. నేను మదీనత్ ఖలీఫాలో ఒక ఇంట్లో డ్రైవరుగా ఉండేవాణ్ణి. నిన్న పోయిన దారి ఇవాళ ఉండేది కాదు. సాయంత్రానికి నడుము కొయ్యబారిపోయేది. సెలవు దొరకాల్సిన శుక్రవారం ఆ ఇంటి పెద్దావిడను ఊరి బయట తోటకు తీసుకుపోవాలి. ఆమె అక్కడ కొన్ని ఆవుల్ని పెంచుకునేది.

ఆవుల్ని చూసుకునే ఆయనది జగిత్యాల వైపు పల్లె. బిల్డింగు పనిలో మోకాలు దెబ్బతిని ఈ పనికి మారాడు. నాది కడప జిల్లా. ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

పెద్దావిడకు ఒక ఎర్రావు మీదే ప్రాణం. అది ఈని ఏడాది దాటినా మళ్లీ సూడి కట్టలేదు. పాలు చెంబుడికి పడిపోయాయి. కారు దిగుతూనే ఆమె "హలీబ్?" అని పాల సంగతి అడిగేది. ఆయన తల వంచుకుని "మాఫీ, మామా" అనేవాడు, లేవమ్మా అని. అక్కడ పనివాళ్లం ఇంటావిడను మామా అనే పిలుస్తాం. సరిగ్గా చూసుకోవడం లేదని ఆమె కేకలేసేది.

"నేనేం జెయ్యాలె తమ్మీ? ఎదకొస్తది, దాటిస్తం, సూడి నిలవక మల్ల పొర్లుతది," అనేవాడు నాతో.

"మేత సాలక కాదు గదా అన్నా?"

"కడుపునిండ తింటది. అయినా గోడలు నాకుతది సూడు."

నిజమే. గోడలే కాదు, నా కారు టైర్లు కూడా నాకేది. బొచ్చు గరుకుగా లేచి ఉండేది. చివరికి ఒక పాకిస్తానీ డాక్టరు వచ్చి చూశాడు. పాలతో పోతున్న ఖనిజాలు మేతతో తిరిగి రావడం లేదని, అందుకే గర్భం నిలవడం లేదని చెప్పాడు. రోజూ దాణాలో గుప్పెడు మినరల్ పొడి కలపమన్నాడు. నెలలు పడుతుంది, తొందరపడొద్దు అని కూడా అన్నాడు.

బస్తాలు మోసుకొచ్చే పని నాదయింది. ఆవు మాత్రం పొడి కలిపిన తవుడును వాసన చూసి మొహం తిప్పుకుంది. తీపి కలిపి పెడదామంటే బెల్లం లేదు, ఏం చేయాలో ఆయనకు తోచలేదు. పెద్దావిడే బోర్లించిన బకెట్ మీద కూర్చుని, ఖర్జూరాలకు గింజలు తీసి పిసికి తవుడులో కలిపింది. ఆవు తొట్టె అడుగు దాకా నాకేసింది.

ఆ ఎండాకాలం మా ముగ్గురికీ బరువుగా గడిచింది. ఆయన రోజంతా ఆవుల మీద నీళ్లు చల్లేవాడు. మోకాలు వాచేది. ఆమె ప్రతి శుక్రవారం అదే ప్రశ్న అడిగేది. ఆవు గోడలు నాకడం మానింది, ఒళ్లు నునుపుదేలింది, అయినా మళ్లీ పొర్లింది. చలి మొదలయ్యాక ఇంకోసారి దాటించారు. రెండు నెలలకు డాక్టరు వచ్చి, చెయ్యి పెట్టి చూసి, తలూపాడు.

"నిలిచింది తమ్మీ," అని ఆయన ఆవు మెడ నిమిరాడు. నాకూ సంతోషం రావాల్సింది. ట్రాఫిక్ పెరగకముందే ఇల్లు చేరొచ్చు అని మాత్రమే అనిపించింది.

పెయ్యదూడ పుట్టింది. పాలు రెండు క్యాన్లు నిండాయి. పాలిచ్చేటప్పుడే పొడి ఎక్కువ అవసరమని డాక్టరు చెప్పడంతో బస్తాలు ఆగలేదు. పైగా ఒక క్యాను అల్ సద్‌లో పెద్ద కూతురికి, ఇంకొకటి ఐన్ ఖాలిద్‌లో చిన్న కూతురికి ఇచ్చి రావాలి. మధ్యలో ఎన్ని మళ్లింపులో!

ఒక శుక్రవారం మధ్యాహ్నం అల్ సద్ దాటాక నా కళ్లు మూతలు పడ్డాయి. వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ భుజం తట్టింది. తిడుతుందనుకున్నాను. పక్కన ఆపమంది.

"నామ్ శ్వయ్యా," అంది. కాస్సేపు పడుకోమని.

"పాలు ఇరుగుతాయి, మామా," అని వచ్చిన అరబీలో చెప్పాను.

ఏసీ ఉంది కదా అన్నట్టు చెయ్యి ఊపింది. స్టీరింగు మీద తల వాల్చాను. లేచి చూసేసరికి, పాల క్యాను మీద చెయ్యి వేసి ఆమె కూడా నిద్రపోతోంది.