టచ్ బ్రదర్ ఎత్తని చెయ్యి

ఆయనకు టైర్ల కొట్టుంది. చర్చి వాలీబాల్ జట్టుకు కెప్టెన్. అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయింది. అందరికీ టచ్ బ్రదర్. అవతలివాళ్లు కొట్టిన బంతి తన వేలికి తగిలి గీత బయట పడితే, రిఫరీ చూడకపోయినా తనే చెయ్యెత్తి "టచ్!" అని అరిచేవాడు. పాయింటు అవతలివాళ్లకు పోయేది, చప్పట్లు ఈయనకు వచ్చేవి. క్రైస్తవుడి ఆటంటే ఇలా ఉండాలని పాస్టరుగారు ఆదివారం చెబుతుంటే ముందు బెంచీలో తల దించుకుని కూర్చునేవాడు. ఎవరెవరు చూస్తున్నారో ఓరకంట గమనించేవాడు కూడా. ఇంతకీ ఆ చెయ్యి లేవాలంటే తన జట్టు బాగా ముందైనా ఉండాలి, ఓటమి ఖాయమైనా అయి ఉండాలి. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, పాపం.

చర్చిల మధ్య పోటీలో ఫైనల్‌కు వచ్చారు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు బ్రదర్ జట్టుదే. ఆ జట్టు పుట్టి బుద్ధెరిగి కప్పు ముట్టుకున్నది లేదు. అవతలి కెప్టెన్ బేకరీ మాస్టరు, ఎగిరి ఒక్కటిచ్చాడు. బంతి బ్రదర్ చిటికెనవేలిని రాసుకుంటూ పోయి గీత బయట పడింది.

చెయ్యి సగం దాకా లేచింది. అక్కణ్నుంచి దారి మార్చుకుని జుట్టు సర్దుకుంది.

రిఫరీ అడగబోయి తనే నవ్వేశాడు. "తగిలుంటే ఆయనే చెప్పేవాడు కదయ్యా!" అంటూ విజిల్ ఊదాడు.

గెలుపు గెలుపే గాని, బ్రదర్‌కు ఇంట్లో ముద్ద దిగలేదు. సిగ్గుతో చితికిపోయాడు. ఆదివారం కప్పు ఇవ్వడానికి రెండు జట్లనూ చర్చిలో కూర్చోబెట్టారు. బ్రదర్ లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఆ బంతి నాకు తగిలింది. చెప్పకుండా దాచేశాను."

పాస్టరుగారి కళ్లు చెమర్చాయి. "చూశారా! ఓడినవాళ్లు బాధపడకూడదని చెయ్యని తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు. తగ్గింపు మనసు అంటే ఇదీ!"

చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి. "కాదండీ, నిజంగానే" అన్నకొద్దీ ఇంకా గట్టిగా కొట్టారు. కప్పు తెచ్చి చేతిలో పెట్టారు.

బయట మెట్ల దగ్గర బేకరీ మాస్టరు చెయ్యి పట్టుకున్నాడు బ్రదర్. "నువ్వైనా నమ్ము తమ్ముడూ. తగిలింది."

"తెలుసన్నా. కళ్లారా చూశాను."

"మరి రిఫరీకి చెప్పలేదేం?"

"నీ చెయ్యి లేస్తోంది కదా అని ఆగాను."