రాజవ్వ ఒప్పుకోని ఆగం

వంటింట్లో సామలు జల్లున ఒలికిన చప్పుడు వినిపించింది. వెంటనే మా కోడలు మనవరాలిని కసిరింది. "ఇల్లంతా ఆగమాగం జేసినవు గదనే." నాకు నవ్వొచ్చింది. ఆ మాట మా అత్త రాజవ్వ చెవిన పడి ఉంటే కోడలికే చీవాట్లు పడేవి.

బస్తర్ ఇంకా రాజ్యంగా ఉన్న రోజుల్లో నేను భద్రాచలం వైపు నుంచి ఆ రాజ్యంలోని మరైగూడ దగ్గరి పల్లెకు కొత్త కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో బట్టలు మడతపెట్టకపోయినా ఆగమాగమే, జుట్టు రేగినా ఆగమాగమే. అత్త ఒప్పుకునేది కాదు. "పిల్లలు పరిచింది ఆట, కోడలా. మల్ల సర్దుకునేదాన్ని ఆగం అనరాదు. బతుకు చెడితేనే ఆగం" అనేది. మాట దగ్గర అంత పట్టుదల మనిషి.

ఒక ఎండాకాలం, మేం సారా కాస్తున్నామని ఎవరో చెప్పారట, ఒక పోలీసు దఫేదారు ఇద్దరు సిపాయిలతో వచ్చాడు. అతను వాకిట్లోనే నిలబడ్డాడు. సిపాయిలు లోపలికి జొరబడి విత్తనాల కుండలన్నీ బోర్లించారు. సామలు, జొన్నలు, కందులు నేల మీద కలగలిసిపోయాయి. తొలకరి దగ్గరపడింది, వేరే విత్తనం మాకు లేదు. అత్త గొంతెత్తి "ఆగం, ఆగం" అని అరిచింది.

ఆ సిపాయిలకు తెలుగు రాదు. హిందీలో ఆగ్ అంటే నిప్పు. ఇల్లంటుకుందనుకుని వాళ్లు "ఆగ్, ఆగ్" అంటూ బయటికి పరుగెత్తారు. ఆ కేకలకు వాడంతా నీళ్ల కుండలతో వచ్చిపడింది. దఫేదారు లోపలికి తొంగిచూసి నిప్పెక్కడని అడిగాడు.

"ఆగ్ గాదు సాబ్, ఆగం" అంది అత్త, నేల మీది గింజలు చూపిస్తూ. "నిప్పయితే మేమే ఆర్పుకుందుము. ఇది మీరు జేసిన ఆగం. మీరే సర్దాలె."

సరిహద్దు ఊళ్లు తిరిగినవాడు కనుక అతనికి తెలుగు కొంత తెలుసు. సారా చుక్క కూడా దొరకలేదాయె. కుండలు పట్టుకుని అంతమంది నిలబడి చూస్తున్నారు. సిపాయిలను కూర్చోమని సైగ చేశాడు. పొద్దు వాలేదాకా వాళ్లిద్దరూ జల్లెడ పట్టారు. ఒకడి చేతిలోంచి గింజలు జారితే అత్త "మెల్లగ, బిడ్డా" అంది. ఆ ఏడు మా చేలల్లో వేటికవే మొలిచాయి. చూసి పొంగిపోయాను.

అత్త పోయిన చాలా ఏళ్లకు, మా పొలం గట్టు తెంచి బండ్లు తోలినవాళ్లకు అడ్డంగా నిలబడి "ఇది మీరు జేసిన ఆగం, మీరే సర్దాలె" అన్నాను. వాళ్లలో పెద్దమనిషి చిరాకుపడ్డాడు. "ఏందమ్మా, మేమెవలమనుకున్నవు?"

"మీరెవలైతే నాకేంది? నేను రాజవ్వ కోడల్ని. గట్టు ఏసి పొండ్రి" అన్నాను.

గట్టు వేసే పోయారు.