చీమల రవ్వతో ఉప్మా

ఈ పొద్దున మా అమ్మాయి మొదటిసారి పొయ్యి ముందు నిలబడి రవ్వ వేయిస్తోంది. ఆ కమ్మటి వాసన ముందు గదిలోకి రాగానే నాకు చీమలు గుర్తుకొచ్చాయి. రవ్వకూ చీమలకూ ఏమిటి సంబంధం అంటారా? మా మామ గురవయ్యను చూడనివాళ్లకు ఆ సంగతి మొదటినుంచీ చెప్పాలి.

పట్నం శివారు అంబత్తూరులో, ఫ్యాక్టరీల వెనక, చెరువును ఆనుకుని, ఆయన కౌలుకు తీసుకున్న ఆకుకూరల తోట ఉండేది. అవతల రేకుల షెడ్లలో యంత్రాల మోత, ఇవతల పచ్చటి మడులు. ఆయనకో అలవాటు. అమ్మకానికి వేసేవి కాక, ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని మడులు విడిగా వేసేవాడు, ఒక్కొక్కరి పేరున ఒక్కొక్కటి. అత్తది మెంతికూర, మా ఆయనది గోంగూర, ఆడబిడ్డది పాలకూర, తనది పొన్నగంటి. ఒకసారి ఆడబిడ్డకు జ్వరమొస్తే, ముందు పాలకూర మడికి నీళ్లు కట్టి ఆ తర్వాతే డాక్టరు దగ్గరికి బయలుదేరాడని అత్త ఎప్పుడూ దెప్పేది. పిచ్చి అనండి, ప్రేమ అనండి, ఆ మనిషిలో రెండూ కలిసే ఉండేవి.

నేను పట్నం నడిబొడ్డున చింతాద్రిపేటలో టైలరు కూతుర్ని. కూవం మురుగు వాసన తెలుసు గానీ తడిసిన మడి వాసన ఎరగను. ఈ సంబంధం మా అమ్మకు బొత్తిగా ఇష్టం లేదు. పెళ్లి పందిట్లోనే మామతో మొహం మీద అనేసింది.

"మా పాపకి మట్టి పని తెలీదన్నా. నెల తిరిగినంక వస్తాము. అది ఆడ ఉండలేకుంటే నాతో పిలుచుకొని పోతాను."

"నెలకి తోటకూర కోతకొస్తాది చెల్లెమ్మా. మీ పాప మడిలో కూరే మీకు పెడతాము," అన్నాడు మామ నవ్వుతూ. పందెం వేసుకున్నట్టే అయింది.

పెళ్లయిన మూడో రోజు నా మడి తయారైంది. తోటకూర విత్తనం ఆవగింజ కన్నా చిన్నది. ఇసుకలో కలిపి నా చేతే చల్లించాడు. తర్వాత గట్టు మీద ఒక పొట్లం పెట్టి, అవతల మడికి నీళ్లు కట్టడానికి వెళ్లాడు. విప్పి చూస్తే రవ్వ. టిఫినుకు తెచ్చాడనుకున్నాను. మునగచెట్టు కింద పొయ్యి ఉంది, ఉల్లిపాయలున్నాయి, పచ్చిమిరపకాయలు చేతికందేంత దూరంలో కాస్తున్నాయి. కొత్త కోడలి ఉత్సాహం సంగతి అడక్కండి, ఘుమఘుమలాడే ఉప్మా చేసి పెట్టాను.

మామ వచ్చి కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. "రొంబ బాగుండాది అమ్మణ్ణీ, ఇంకొంచెం పెట్టు," అన్నాడు. పెట్టించుకుని గబగబా తినేసి, "కొట్టు దాకా పోయొస్తా," అంటూ సైకిలెక్కాడు. అంత తొందరేమొచ్చిందో నాకు అర్థం కాలేదు.

వారం తిరిగేసరికి నా మడి బోడిగుండులా ఉంది. అక్కడొకటి ఇక్కడొకటి మొలక. అప్పుడు ఆడబిడ్డ పొట్ట పట్టుకుని నవ్వుతూ గుట్టు విప్పింది.

"వదినా, అది చీమలకి తెచ్చిన రవ్వ! ఇత్తనాన్ని మోసుకపోకుండా నాయన మడి చుట్టూ రవ్వ చల్తాడు. అవి రవ్వ మోసుకుంటా ఇత్తనం మాట మరిచిపోతాయి."

చీమల తిండి మనుషులకు వడ్డించాను, అవి నా మడి మీద పడ్డాయి. ఏవైనా మిగిలి మొలుస్తాయేమోనని ఆ వారం చూసి మామ మళ్లీ చల్లాడు గానీ, అమ్మ వచ్చేనాటికి అది కోతకు రాదు. అందరితో పాటు నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒకటే దిగులు. అమ్మ నన్ను తీసుకుపోతానంటే ఏ మొహం పెట్టుకుని కాదనను?

నెల తిరిగింది. అమ్మా నాన్నా వచ్చారు. తోటలో అడుగుపెడుతూనే అమ్మ, "ఏది మా పాప మడి?" అంది. మామ దాచకుండా తీసుకెళ్లి చూపించాడు.

"ఇదే చెల్లెమ్మా. ఈ తూరి చీమలు కోసుకున్నాయి," అని ఇంట్లోవాళ్లను కేకేశాడు. ఎవరి మడిలో వాళ్లు ఒక్కొక్క కట్ట కోసి తెచ్చి నా ఒళ్లో పోశారు. నాలుగు రకాల ఆకూ పప్పులో వేసి నేనే వండాను.

"ఇది ఎవరి మడిది?" అని అడిగింది అమ్మ, విస్తట్లో చూసి.

"అందరిదీ. మా ఇంట్లో ఒకరి మడి మొలవకపోతే మిగిలిన మడులన్నీ వాళ్లవే," అన్నాడు మామ.

అమ్మ పప్పు రెండోసారి వేయించుకుంది. వెళ్లేటప్పుడు నన్ను రమ్మనలేదు, ఒక కట్ట గోంగూర మాత్రం అడిగి పట్టుకెళ్లింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు.

చాలా ఏళ్లకు, మామ గట్టు మీద కూర్చుని మాకు పని పురమాయించే రోజుల్లో, ఒకసారి అడిగాను.

"మామా, మొదటి ముద్దకే తెలిసిపోయింది గదా. ఆ పొద్దే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే నీ చేతిలో గరిటె ఆడే ఆగిపోయుండును. ఇత్తనం మళ్లా చల్లుకోవచ్చు అమ్మణ్ణీ," అన్నాడు. "రవ్వ కోసమే గదా సైకిలు తొక్కింది. నేను వచ్చే లోపల చీమలు పని ముగించినాయి!" పళ్లు లేని నోటితో ఎంతసేపు నవ్వాడో.

ఇప్పుడు ఆ తోట లేదు, గోదాములు లేచాయి. మామా లేడు. మా మేడ మీద తొట్లున్నాయి, ఇంట్లో ఎందరమో అన్ని, ఆయన పేరున పొన్నగంటి ఒకటి అదనం. విత్తనం చల్లిన ప్రతిసారీ చీమల వాటా ముందే తీసిపెడతాను.

మా అమ్మాయి ఉప్మా పళ్లెం తెచ్చి నా ముందు పెట్టి, నా మొహంలోకే చూస్తూ నిలబడింది. మొదటి ముద్దకే తెలిసింది, ఉప్పు రెండుసార్లు వేసింది.

"రొంబ బాగుండాది అమ్మణ్ణీ," అన్నాను. "ఇంకొంచెం పెట్టు."