గూఫప్ అన్న మాట

కటింగ్ మాస్టారు కత్తెర పడితే గుడ్డే పక్కకు తప్పుకుని దారి ఇస్తుందని ఆ కుట్టుపని షెడ్డులో చెప్పుకునేవారు. ఇలాంటి మాటల్లో సగం ఆయనే పుట్టించాడు. ఈమధ్య అలాంటి గొప్పలు మానేశాడు. కళ్లు మసకబారాయి. ఆ సంగతి బయటపడితే కటింగ్ బల్ల చేజారిపోతుంది. అందుకే కళ్లద్దాల జోలికే పోలేదు.

ఒకరోజు మేనేజరు నీలం చొక్కాలకు ఆకుపచ్చ గుండీలు తెప్పించాడు. “గూఫప్ అయింది” అని నవ్వేశాడు. యజమానీ నవ్వాడు. అంతటితో సరి.

మాస్టారు ఇంటికెళ్లి కూతుర్ని అడిగాడు. “గూఫప్ అంటే ఏమిటే?”

“పొరపాటు నాన్నా. నవ్వేసి వదిలేసేంత చిన్నది. స్నేహితుల మధ్య అంటూ ఉంటాం.”

“మరి తప్పుకీ దానికీ తేడా?”

“తప్పుకి తిట్లు పడతాయి. దీనికి పడవు.”

“ఇంత మంచి మాట దగ్గర పెట్టుకుని ఇన్నాళ్లూ నన్ను తిట్లు తిననిచ్చావా?”

స్నేహితుల మధ్య అన్న ముక్క ఆయన పట్టించుకోలేదు.

చొక్కా చేతులు కోసేటప్పుడు గుడ్డను ఒక పొర మెరిసే వైపు పైకి, తర్వాతి పొర ఆ మెరుపు కిందికి వచ్చేలా పరవాలి. అప్పుడే కుడి ఎడమలు జతపడతాయి. ఆ వారం వచ్చిన ముదురు రంగు గుడ్డ మెరుపు ఆయన కళ్లకు అందలేదు. వేళ్లతో తడిమి, సరిగానే ఉందనుకుని కోసేశాడు.

మధ్యాహ్నానికి కుట్టే ఆవిడ ఆ కోసిన చొక్కా చేతులు రెండు పట్టుకొచ్చింది. “మాస్టారూ, అన్నీ ఎడమవే. ఇవి తొడుక్కునేవాళ్లకి కుడిచెయ్యి లేదా?”

షెడ్డంతా నవ్వింది. మేనేజరు రాగానే నవ్వు ఆగిపోయింది.

“చిన్న గూఫప్ అండీ” అన్నాడు మాస్టారు, నవ్వు తెచ్చుకుని.

“నాతో పరాచికాలా?” మేనేజరు మిగిలిన గుడ్డ ముక్క ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. “మెరుపు ఎటుందో చెప్పండి.”

మాస్టారు వంగి చాలాసేపు చూశాడు. “పైకి.”

మెరుపు కిందికి ఉంది. కుట్టే ఆవిడ తల దించుకుంది.

మర్నాడు ఆయన్ను దారాలు కత్తిరించే మూలకు పంపారు. అక్కడి ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు.

“ఇక్కడ తప్పు చెయ్యడానికి ఏమీ ఉండదులెండి” అంది వాళ్లలో పెద్దావిడ.

ఆయన తలూపాడు. చొక్కా ఒళ్లో వేసుకుని, దారం కొస ఎక్కడుందోనని కుట్టు వెంట వేలితో వెతకసాగాడు.