కారణం అనే గడి

మతిస్థిమితం తప్పిన వృద్ధుల వార్డులో పెద్ద సిస్టర్ చెప్పులు టపటపలాడిస్తూ నడుస్తుంది. తానొస్తున్నట్టు అందరికీ ముందే తెలియాలట. చేతికి గాజులుండవు, చెవులకు దిద్దులుండవు. రోగులు పట్టుకుని లాగడానికి ఏమీ దొరకనివ్వదు. ముంజేతి మీద మాత్రం పాత పంటిగాట్లు రెండున్నాయి. నోరూ అంత మెత్తనిది కాదు. “ఏం పెద్దాయనా, ఇవాళ ఎవరి పళ్లు రాలగొడతావ్?” అని పలకరించి, ఆయన గుర్రుమంటే నవ్వుతుంది.

ఆ ఉదయం ఇద్దరు నర్సులు రాలేదు, పని తెమలడం లేదు. గోడవైపు తిరిగి పడుకున్న మాజీ లారీ డ్రైవరు పక్క తడిపాడు. పెద్ద సిస్టర్ పలకరించకుండానే వెనకనుంచి దుప్పటి లాగింది. ఆయన గిర్రున తిరిగి మోచేత్తో కొట్టాడు. ఆమె పెదవి చిట్లింది. ఆమె చెయ్యీ లేచింది. లేచిన చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి, చివరికి రుమాలు కోసం జేబులోకి దిగింది. కొత్త నర్సు అప్పటికే వార్డులో గొడవలు రాసే రిజిస్టరు తెరిచింది. “కారణం లేకుండా కొట్టాడని రాసేస్తానక్కా. ఇది మూడోసారి, ఇక తాళం గదికే పంపిస్తారు. పీడా పోతుంది.” పెద్ద సిస్టర్ పెన్ను లాక్కుని, కారణం అనే గడిలో ‘చెప్పకుండా వెనకనుంచి దుప్పటి లాగాను’ అని రాసి సంతకం పెట్టింది. “మన తప్పు మనమే రాసుకుంటామా అక్కా? పైవాళ్లు నిన్నే పట్టుకుంటారు!”

“ఆయన రాసుకోలేడు కదే మరి.”